అడవుల్ని కాపాడిన బొమ్మల ప్రదర్శనకి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫలానా పార్కుకి నూరేళ్ళు నిండాయనో, ఫలానా అటవీ చట్టానికి యాభయ్యేళ్ళయ్యాయనో మ్యూజియంలు ప్రకృతి దృశ్యాల ప్రదర్శనలు పెడుతుంటాయి. కొండలు, లోయలు, ఏళ్ళు, పెద్ద పెద్ద ఆకాశాలు. వాటికి వెళ్ళేముందు మామూలుగా జనం అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, కొన్నిటికి కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి.

నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. వెళ్ళొచ్చా?

నిక్షేపంగా. నిజానికి ఏమీ తెలియనివాళ్ళకి అన్నిటికంటే సులువుగా పట్టుబడేది ఈ రకం ప్రదర్శనే, ఎందుకంటే ఎదురుగా ఉన్నది చెట్టా కొండా అని ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకుని వెళ్ళండి. ఈ బొమ్మల్లో చాలావాటికి గోడమీద అందంగా వేలాడ్డం కాక ఇంకో పని ఉండేది. ఆ చోటు ఎప్పుడూ చూడని మంత్రుల ముందు, చట్టసభల ముందు అవి సాక్ష్యం చెప్పాయి. సాక్షి అన్నాక నిజం చెప్పొచ్చు, కాస్త ఎక్కువ చేసి చెప్పొచ్చు, కొన్ని దాచనూ వచ్చు. అలా చూడ్డం మొదలుపెడితే ప్రదర్శన అంతా వేరేగా కనిపిస్తుంది.

బొమ్మ వల్ల అడవి మిగలడం నిజమేనా, మ్యూజియం వాళ్ళు గొప్పకి చెప్పుకుంటారా?

రెండూ ఉన్నాయి. నిజమైనవి ముందు చెప్తాను.

కార్ల్‌టన్ వాట్‌కిన్స్ అనే ఫొటోగ్రాఫర్ 1861లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకి వెళ్ళి, సుమారు 18 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల వెడల్పు ఉండే గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. ఆ పలకలు, రసాయనాలు, చీకటి గుడారం అన్నీ కంచర గాడిదల మీద మోయించాల్సిందే. అమెరికా తూర్పు తీరంలో ఉండేవాళ్ళకి ఆ లోయ అంటే ఎలా ఉంటుందో మొదట బాగా తెలిసింది ఆ ఫొటోల వల్లే. 1864 జూన్ 30న అబ్రహాం లింకన్ ఆ లోయని ప్రజల కోసం కాపాడే చట్టం మీద సంతకం పెట్టాడు, అదీ అంతర్యుద్ధం నడుస్తుండగా.

తర్వాత ఎల్లోస్టోన్. 1871లో హేడెన్ నాయకత్వంలో సర్వే బృందం ఒకటి అక్కడికి వెళ్ళింది. అందులో చిత్రకారుడు థామస్ మోరన్, ఫొటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్ ఉన్నారు. 1872 మార్చి 1న అది జాతీయ పార్కు అయింది. ఇక్కడే గొప్పలు మొదలవుతాయి. మోరన్ వేసిన ఏడడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న 'గ్రాండ్ కాన్యన్ ఆఫ్ ది ఎల్లోస్టోన్' ముందు నిలబెట్టి, ఈ బొమ్మ చూసే కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, పార్కు ఇచ్చిందని చెప్పేవాళ్ళు మీకు తగులుతారు. చట్టం వచ్చేటప్పటికి ఆ బొమ్మ ఇంకా పూర్తే కాలేదు! అప్పుడు వాషింగ్టన్‌లో చేతులు మారినవి మోరన్ చిన్న నీటిరంగుల బొమ్మలు, జాక్సన్ ఫొటోలు. పెద్ద బొమ్మని కాంగ్రెస్ అదే ఏడాది 10,000 డాలర్లకి కొన్నది, పార్కు అయ్యాక. కాబట్టి పెద్ద తైలవర్ణం పక్కన చిన్న కాగితాలేమైనా పెట్టి ఉంటే అక్కడ ఎక్కువసేపు ఆగండి, అసలు పని చేసినవి ఆ బాపతువే.

ఇరవయ్యో శతాబ్దంలో ఇది ఇంకా సూటిగా జరిగింది. 1936లో యాన్సెల్ ఆడమ్స్ తన ఫొటోలు పట్టుకుని వాషింగ్టన్ వెళ్ళి కాలిఫోర్నియాలోని కింగ్స్ కాన్యన్ అనే లోయ కోసం నాయకుల్ని కలిశాడు, 1940లో అది పార్కు అయింది. కెనడాలో 'గ్రూప్ ఆఫ్ సెవెన్' చిత్రకారుల్లో ఒకడైన ఎ.వై. జాక్సన్ 1931లో ఒంటారియోలోని ట్రౌట్ లేక్ చుట్టూ చెట్లు కొట్టొద్దని పోరాడితే ప్రభుత్వం వినింది. ఆ చెరువుకి తర్వాత ఒంటారియో చిత్రకారుల సంఘం పేరే పెట్టారు, ఇప్పుడది కిలార్నీ పార్కులో ఉంది. ఆస్ట్రేలియాలో పీటర్ డోంబ్రోవ్‌స్కిస్ తీసిన 'మార్నింగ్ మిస్ట్, రాక్ ఐలాండ్ బెండ్' అనే ఒక్క ఫొటో, టాస్మానియాలో ఫ్రాంక్లిన్ నది మీద డ్యామ్ కట్టొద్దనే ఉద్యమానికి ముఖమైపోయింది. 1983 ఎన్నికలప్పుడు దాన్ని పత్రికల్లో ప్రకటనగా వేశారు, డ్యామ్ ఆగింది. ఫొటో ఒక్కటే ఆపిందా అంటే కాదు. వేలమంది జనం, అరెస్టులు, ప్రభుత్వం మారడం, హైకోర్టు తీర్పు ఉన్నాయి దాని వెనక. కానీ ఆ నది ఎక్కడుందో కూడా తెలియని ఓటరుకి దాన్ని చూపించింది మాత్రం ఆ ఫొటోనే.

ఓడిపోయినవి లేవా?

ఉన్నాయి, మంచి ప్రదర్శన అయితే వాటినీ పెడుతుంది. యోసెమిటీ పక్కనే హెచ్ హెచీ అనే లోయ ఉండేది. ఆల్బర్ట్ బీర్‌స్టాట్ దాన్ని వేశాడు, అడవుల్ని కాపాడాలని రాసిన రచయిత జాన్ మ్యూర్ దానికోసం ఏళ్ళ తరబడి పోరాడాడు. 1913లో శాన్‌ఫ్రాన్సిస్కో నీళ్ళ కోసం అనుమతి ఇచ్చేశారు, 1923కల్లా డ్యామ్ లేచింది, లోయ మునిగింది. టాస్మానియాలో లేక్ పెడ్డర్ కూడా అంతే. ఒలెగాస్ ట్రుచానాస్ అనే ఫొటోగ్రాఫర్ ఊరూరా స్లైడ్లు వేసి చూపించాడు, జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, 1972లో అసలు చెరువు డ్యామ్ నీళ్ళ కింద మాయమైంది. ట్రుచానాస్ కూడా అదే ఏడాది గోర్డన్ నదిలో మునిగి చనిపోయాడు. అతని దగ్గర పని నేర్చినవాడే డోంబ్రోవ్‌స్కిస్. పెడ్డర్ పోయిన కోపమే ఫ్రాంక్లిన్ దగ్గర పనికొచ్చిందని నా అభిప్రాయం.

గోడలమీద ఎక్కడ చూసినా 1964 అని రాసి ఉంటుందట, ఏమిటది?

ప్రదర్శన అమెరికా అడవుల గురించైతే ఉంటుంది. 1964 సెప్టెంబర్ 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వైల్డర్‌నెస్ చట్టం. కొంత నేలని రోడ్లు, మోటారు బళ్ళు, కట్టడాలు లేకుండా దాని మానాన దాన్ని వదిలెయ్యాలని, మనిషి అక్కడికి చూడ్డానికి వచ్చి వెళ్ళేవాడే తప్ప ఉండిపోయేవాడు కాదని ఆ చట్టం చెబుతుంది. మొదటి రోజు 54 చోట్లు, 91 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. ఇప్పుడు 800కి పైగా చోట్లు, 11 కోట్ల ఎకరాలు దాటాయి. దాని ముసాయిదా రాసిన హోవార్డ్ జానైజర్ ఎనిమిదేళ్ళపాటు తిరగరాస్తూ, సభ్యుల వెంటపడుతూ, చివరికి సంతకానికి నాలుగు నెలల ముందు చనిపోయాడు. చట్టాల కథలు ఎవరికీ పట్టవు కాబట్టి మ్యూజియంలు దీన్ని ఒక బోర్డు మీద కుక్కేస్తాయి, అందుకే ఇక్కడ చెప్పాను.

ఎంతసేపు పెట్టుకోవాలి?

గంటన్నర. అంతకంటే ఎక్కువైతే కళ్ళు చూస్తుంటాయి గానీ బుర్రకెక్కదు. అన్నీ చూడాలని టెన్షన్ పెట్టుకోవద్దు. ముందు గదులన్నీ ఒకసారి గబగబా చుట్టేసి, మనసు లాగిన నాలుగైదింటి దగ్గరికి వెనక్కి రండి, ఒక్కోదాని ముందు పది నిమిషాలు. పది నిమిషాలంటే చెప్పినంత తేలిక కాదు, రెండో నిమిషంలో చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. అయినా ఆగితే అయిదో నిమిషం నుంచి బొమ్మలో అంతవరకూ కనిపించనివి కనిపిస్తాయి.

ఏ రోజు వెళ్తే మంచిది?

వారం మధ్యలో, పొద్దున తలుపులు తీయగానే. ఉచిత ప్రవేశం ఉన్న రోజున డబ్బు మిగులుతుంది, చోటు మిగలదు. మొదటి వారం, చివరి వారం రెండూ వద్దు.

లోపల అంత మసక వెలుతురు ఎందుకు? కళ్ళు లాగుతున్నాయి.

కరెంటు పొదుపు కాదు. నీటిరంగులు, పాత ఫొటోలు, కాగితం మీద ఉన్నవి ఏవైనా వెలుతురుకి వెలిసిపోతాయి, ఒకసారి పోయిన రంగు మళ్ళీ రాదు. అందుకని వాటి మీద సుమారు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి పడకుండా చూస్తారు. తైలవర్ణాలు కాస్త గట్టివి, వాటికి 200 లక్స్ వరకూ ఇస్తారు. బయట ఎండలోంచి నేరుగా కాగితాల గదిలోకి వెళ్తే ఏమీ కనిపించదు, ఓ అయిదు నిమిషాలు ఆగితే కళ్ళు సర్దుకుంటాయి. గాగుల్స్ నెత్తిమీదికి కాదు, సంచిలో పెట్టెయ్యండి.

ఆ కొండలు నిజంగా అలాగే ఉంటాయా?

ఉండవు. అందరికీ వచ్చే అనుమానమే ఇది, కానీ గట్టిగా అడగడానికి మొహమాటపడతారు.

బీర్‌స్టాట్ వేసిన 'అమాంగ్ ది సియెరా నెవాడా, కాలిఫోర్నియా' చూడండి. మంచు శిఖరాలు, జలపాతం, మబ్బుల్లోంచి దిగే వెలుగు, నీళ్ళ దగ్గర జింకలు. 1868లో దాన్ని వేసింది కాలిఫోర్నియాలో కాదు, రోమ్‌లో తన స్టూడియోలో కూర్చుని. అచ్చంగా ఆ చోటు ఎక్కడా లేదు, అంతకుముందు తిరిగి వేసుకున్న స్కెచ్చులు కలిపి కట్టిన కొండ అది. మోరన్ కూడా వేర్వేరు చోట్ల నుంచి కనిపించేవాటిని ఒకే బొమ్మలోకి తెచ్చేవాడు, ఉన్నది ఉన్నట్టు దించడం తన పని కాదని దాచకుండానే చెప్పాడు. ఫొటో అయితే నమ్మొచ్చనుకోకండి. ఆడమ్స్ న్యూమెక్సికోలో 1941లో తీసిన 'మూన్‌రైజ్, హెర్నాండెజ్' ఒకే నెగటివ్, కానీ దాన్ని దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ ప్రింట్ చేశాడు, పోనుపోను ఆకాశం నల్లబడుతూ వచ్చింది. పాత ప్రింటు, కొత్త ప్రింటు పక్కపక్కన పెడితే ఇవి రెండు రాత్రులా అనిపిస్తుంది.

ఇది మోసమా? నాకలా అనిపించదు. ఆ లోయ అంచున నిలబడితే కడుపులో కలిగేదాన్ని, వేల మైళ్ళ అవతల గదిలో కూర్చున్నవాడికి చేర్చాలంటే కాస్త పెంచాల్సిందే అనుకున్నారు వాళ్ళు. ఇబ్బంది ఎక్కడంటే, అంత ఎత్తు, అంత మెరుపు ఉంటేనే కాపాడదగ్గ చోటు అనే అలవాటు చూసేవాళ్ళకి పడిపోయింది. చిత్తడి నేల, ముళ్ళ పొదలు, గడ్డి మైదానం కోసం అంత గొడవ చేసినవాళ్ళు చాలాకాలం లేరు. ప్రదర్శనలో బురద ఎంత ఉందో చూడండి, ప్రదర్శన కూర్చిన క్యూరేటర్ ఎంత ఆలోచించారో తెలిసిపోతుంది.

బొమ్మకి ఎంత దూరంలో నిలబడాలి?

ముందు దూరంగా, బొమ్మ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు. తర్వాత తాడు దాకా వెళ్ళండి, దాటొద్దు, వంగి వేలు చూపిస్తూ మాట్లాడొద్దు, కాపలా అమ్మాయికి ప్రాణం పోతుంది. వార్నిష్ మీద దీపం మెరిసి కనిపించకపోతే రెండడుగులు పక్కకి జరిగితే చాలు.

దగ్గరికి ఎందుకెళ్ళాలో థామస్ కోల్ వేసిన 'ది ఆక్స్‌బో' చెప్తుంది. 1836 నాటిది, కనెక్టికట్ నది వంపు. దూరం నుంచి చూస్తే ఎడమవైపు గాలివాన, విరిగిన చెట్టు, చిక్కటి అడవి, కుడివైపు ఎండలో చదునుగా దున్నిన పొలాలు. దగ్గరికెళ్తే కింద రాళ్ళ మధ్య టోపీ పెట్టుకున్న చిన్న మనిషి బొమ్మ వేసుకుంటూ మనవైపు తిరిగి చూస్తుంటాడు. అది కోలే. ఇటు అడవి, అటు పొలం, మధ్యలో తను. ఏ వైపు ఉండాలని అడుగుతున్నాడో, ఏ వైపు గెలుస్తుందో తెలుసు అంటున్నాడో, ఎవరికి తోచింది వాళ్ళది.

పాత ఫొటోల్లో ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంటుందేం?

అప్పటి తడి గాజు పలకలకి నీలం రంగు మరీ ఎక్కువగా తగిలేది. కింద రాళ్ళు సరిగ్గా పడేటంత సేపు తెరిచి ఉంచితే ఆకాశం మాడిపోయి తెల్లకాగితంలా వచ్చేది. పలక తడి ఆరకముందే అక్కడికక్కడే గుడారంలో కడగాలి కూడా. కొండ అంచున, గాలికి, దుమ్ముకి అది చేశారని గుర్తుంచుకుని చూడండి.

ఇన్ని బొమ్మల్లో మనుషులు ఎందుకు లేరు?

ఈ ప్రశ్న అడగకుండా బయటికి రావొద్దంటాను నేను.

ఎందుకంటే అక్కడ మనుషులున్నారు. యోసెమిటీ లోయలో అవానీచీలు అనే ఆదివాసులు తరతరాలుగా బతికారు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వచ్చి వాళ్ళ ఇళ్ళు కాల్చి తరిమింది. వాట్‌కిన్స్ కెమెరా అక్కడికి చేరింది పదేళ్ళ తర్వాత. ఆ లోయలో చెట్ల మధ్య కనిపించే పచ్చిక బయళ్ళు ప్రకృతి దానంతటది చేసినవి అనుకున్నారు చూసినవాళ్ళు, నిజానికి అక్కడివాళ్ళు ఏటా నిప్పు పెట్టి పొదలు పెరగకుండా చూసుకున్న నేలలవి. వాళ్ళని పంపేశాక ఆ బయళ్ళలోకి చెట్లు కమ్ముకొచ్చాయి. ఎల్లోస్టోన్‌లోనూ టుకుడికా షోషోన్‌లనే ఆదివాసుల్ని పార్కు పెట్టాక వెళ్ళగొట్టారు. అంటే మనిషి అడుగు పడని చోటు అని మనకి చూపించే బొమ్మల్లో కొన్ని, మనుషుల్ని ఖాళీ చేయించిన చోట్లు. కొన్ని బొమ్మల్లో ఆదివాసులు ఉంటారు గానీ, మూలన చిన్నగా, కొండ ఎంత పెద్దదో చూపించడానికి కొలబద్దలా.

అందుకని ఆ బొమ్మలు చూడొద్దని కాదు. మోరన్ పసుపు రంగు రాళ్ళ ముందు నాకిప్పటికీ నోట మాట రాదు. కానీ లేబుల్ మీద అక్కడ ఎవరుండేవారో ఒక్క వాక్యమైనా ఉందా, ఆ జాతి చిత్రకారులు ఇవాళ చేసినవి అదే గదిలో పెట్టారా, లేక చివర చిన్న గదిలోకి నెట్టేశారా చూడండి. లేకపోతే వెళ్ళేటప్పుడు అభిప్రాయాల పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం ఎవరూ చదవరనుకుంటాం గానీ, చదువుతారు.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి, అరగంట మించి ఆశపెట్టుకోవద్దు. చరిత్ర చెప్పకుండా పని ఇవ్వండి. ఈ బొమ్మలో జంతువులెన్ని, వాన ఎటునుంచి వస్తోంది, నువ్వు ఇందులోకి దిగితే ఏ దారిన నడుస్తావు. ఈ చివరి ప్రశ్న పెద్దవాళ్ళ మీద కూడా పనిచేస్తుంది.

ఫొటోలు తీసుకోవచ్చా? బొమ్మ వేసుకోవచ్చా?

గుమ్మం దగ్గర రాసి ఉంటుంది. ఎక్కువ చోట్ల ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసుకోనిస్తారు, ట్రైపాడ్, సెల్ఫీ కర్ర వద్దంటారు. మ్యూజియం సొంత బొమ్మలకి ఒప్పుకుని, వేరేచోట నుంచి అరువు తెచ్చినవాటికి ఒప్పుకోకపోవచ్చు, పక్కన చిన్న గుర్తు ఉంటుంది. బొమ్మ వేసుకోవాలంటే పెన్సిలే, పెన్నూ రంగులూ లోపలికి రానివ్వరు. రాదని సిగ్గుపడక వేసుకోండి. చెట్టుకి కొమ్మలు ఎటు వంచాడో చేత్తో గీస్తేనే తెలుస్తుంది.

పెద్దపెద్ద తైలవర్ణాలే చూడాలా? చిన్నవి దాటేయొచ్చా?

దాటేయొద్దు, తిరగేసి చెప్పాలంటే పెద్దవే దాటేయొచ్చు. కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్ అల్గాన్క్విన్ పార్కులో గైడుగా, మంటల కాపలాదారుగా పనిచేస్తూ, ఒళ్ళో పెట్టుకునేంత చిన్న చెక్కల మీద అక్కడే కూర్చుని వేసేవాడు. చలికాలం టొరంటోకి వచ్చాక వాటిలో కొన్నిటిని పెద్దవిగా వేశాడు, 'ది జాక్ పైన్' అలా వచ్చిందే. పెద్దదాంట్లో కట్టుదిట్టం ఉంటుంది. చిన్నదాంట్లో చీకటి పడేలోపు అయిపోవాలన్న తొందర, రంగు మధ్య ఖాళీ వదిలేసిన చెక్క కనిపిస్తాయి. 1917లో, నలభై నిండకుండానే, అదే పార్కులో కెనూ లేక్‌లో చనిపోయాడు.

ఆడియో గైడ్ తీసుకోవాలా?

మొదటి చుట్టుకి వద్దు. రెండో చుట్టులో కావాలంటే తీసుకోండి.

ఎక్కువసేపు నిలబడలేనివాళ్ళు ఎలా?

చాలా మ్యూజియంలు చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తాయి, ముందురోజు ఫోన్ చేసి అడిగితే పక్కన పెడతారు. మడత స్టూళ్ళు కూడా ఉంటాయి, అడిగితేనే ఇస్తారు. పెద్ద సంచులు, గొడుగులు లాకర్లో పెట్టించేస్తారు కాబట్టి మందులు, కళ్ళజోడు జేబులోకి తీసుకోండి.

గుమ్మం దగ్గర స్పాన్సర్ల బోర్డు చదవాలా?

చదవండి. అడవుల మీద ప్రేమ గురించిన ప్రదర్శనకి డబ్బిచ్చింది ఎవరో తెలుసుకోవడం తప్పేం కాదు. గనుల కంపెనీ పేరు కనిపించిందని వెనక్కి వచ్చేయనక్కర్లేదు. లోపల గనుల బొమ్మ ఒక్కటైనా ఉందా లేదా అని మాత్రం చూసుకోండి.

కేటలాగు కొనాలా, పోస్టరు కొనాలా?

పెద్ద తైలవర్ణాల పోస్టర్లు ఎప్పుడైనా దొరుకుతాయి, పైగా పన్నెండడుగుల బొమ్మని రెండడుగులకి కుదిస్తే మిగిలేది క్యాలెండరే. కేటలాగు మాత్రం, అందులో నీటిరంగులు, స్కెచ్చులు, పాత ఫొటో ప్రింట్లు బాగా అచ్చయి ఉంటే కొనండి. ప్రదర్శన అయ్యాక అవి చీకటి సొరుగుల్లోకి వెళ్ళిపోతాయి, రంగు వెలవకుండా కొన్నేళ్ళ దాకా మళ్ళీ బయటికి తీయరు. కొనేముందు ఒక పేజీ తెరిచి, అదే బొమ్మ ముందుకి వెళ్ళి రంగులు పోల్చి చూడండి, అమ్మకం కౌంటరు ప్రదర్శన గదికి బయట ఉంటే నమూనా కాపీ ఏదైనా లోపల బెంచీ మీద పెట్టి ఉంటుంది.